వరద డ్యూటీ పడని గవర్నమెంట్ ఉద్యోగం ఉందా?

విజయనగరం నుంచి ఒకావిడ అడిగారు: "మా పాప గ్రూప్-2కి చదువుతోంది. హుద్‌హుద్ చూసినవాళ్లం, తుఫాను డ్యూటీలంటే మాకు భయం. డిప్యూటీ తహసీల్దార్ వదిలేసి ట్రెజరీలో జూనియర్ అకౌంటెంట్ పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు కదా సార్?"

అమ్మా, తగ్గుతుంది గానీ అస్సలుండదని ఏ డిపార్ట్‌మెంట్‌కీ నేను గ్యారంటీ ఇవ్వలేను. ఎన్డీఆర్‌ఎఫ్ వాళ్లు పడవలేసుకొచ్చి జనాన్ని బయటికి తెస్తారు, బానే ఉంది, ఆ తర్వాత అన్నం పంచేది, ఇల్లిల్లూ తిరిగి నష్టం రాసుకునేది, బురద ఎత్తేది అంతా మామూలు ఉద్యోగులే. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా అథారిటీకి కలెక్టరే హెడ్డు, అక్కణ్ణుంచి ఆర్డరొస్తే వ్యవసాయమా పశువుల డాక్టరా అని చూడరు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఫైరింజన్లు వచ్చింది మంటలార్పడానికి కాదు, ఇళ్లల్లో బురద కడగడానికి. నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి వేరే ఊరి మున్సిపల్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాడు, రాత్రికి రాత్రి బస్సెక్కించి పంపారట, పొద్దున దిగితే ఎవరికి రిపోర్ట్ చేయాలో చెప్పేవాడు లేడు, మధ్యాహ్నం దాకా పాల ప్యాకెట్ల ట్రేల పక్కన కూర్చుని ఆ తర్వాత తనే లెక్క రాయడం మొదలెట్టాడు, అంతే, ఇక నాలుగు రోజులూ ఆ వీధికి పాల లెక్క వాడిదే! ఆర్డర్ కాగితం మీద క్షణాల్లో వస్తుంది, ఎవరు ఎక్కడ నిలబడాలో తేలడానికే టైం పడుతుంది, నా దృష్టిలో అసలు కష్టం అదే.

పోస్టుల సంగతికొస్తే, అన్నిటికంటే ఎక్కువ నలిగేది డిప్యూటీ తహసీల్దారే, సందేహం లేదు, తుఫాను హెచ్చరిక రాగానే సెలవులు రద్దు. రాష్ట్ర సచివాలయంలో ఏఎస్ఓకి (అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్) ఫీల్డ్ డ్యూటీ తక్కువ. ట్రెజరీ మధ్యలో ఉంటుంది, సాయం డబ్బు బిల్లులు అక్కడికి వస్తాయి కాబట్టి రాత్రిళ్లు కూర్చోవాల్సి రావచ్చు. ఎక్కడున్నా డ్యూటీ పడ్డాక ఊరికే ఎగ్గొట్టడం మాత్రం కుదరదు, పై ఆఫీసర్ రాతపూర్వక అనుమతి గానీ చట్టం ఒప్పుకునే కారణం గానీ లేకుండా తప్పుకుంటే ఆ 2005 చట్టం సెక్షన్ 56 కింద ఏడాది దాకా జైలు గానీ జరిమానా గానీ ఉంది. ఆరోగ్య సమస్యుంటే ముందే కాగితం మీద పెట్టుకోవాలి, ఫోన్లో చెప్పానంటే చెల్లదు.

భయం పోవాలంటే విపత్తుల్లో సాయపడే వాలంటీర్లకి ఆపద మిత్ర ట్రైనింగ్ అని పెట్టారు, 12 రోజులు, 18 నుంచి 40 ఏళ్లవాళ్లకి ఇచ్చేవారు, ఇప్పుడు మీ జిల్లాలో బ్యాచ్ ఉందేమో కలెక్టరేట్‌లో కనుక్కోండి.

ఇంకోటమ్మా, మాకు భయం అని రాశారు గానీ పాప ఏమంటోందో రాయలేదు. పోస్టుల ప్రిఫరెన్స్‌లు పెట్టేలోపు తననే నాకు ఒకసారి ఫోన్ చేయమనండి.