టెక్ సందేహాలు: బాపుకు వినిపించాల్సిన 43 నిమిషాలు

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో మూడింటికి చుట్టరికం ఉంది. తమకు ప్రాణంతో సమానమైన రాక్ ఆల్బమ్‌ను తల్లికో తండ్రికో వినిపించబోయి ముగ్గురూ ఎక్కడో ఒకచోట ఇరుక్కున్నారు. అందుకే ప్రింటర్లు, పాస్‌వర్డుల సందేహాలను వచ్చే వారానికి వాయిదా వేసి, ఈ మూడింటికే జవాబు రాస్తున్నాను.

"మా బాపు సిరిసిల్లలో 34 ఏళ్లు సాంచాలు (మరమగ్గాలు) నడిపి, రెండేళ్ల కింద మానేశారు. శనివారం భజనలో తాళాలు వేస్తారు. సంగీతంతో ఆయనకున్న పరిచయం అంతే. నేను కాలేజీ రోజుల నుంచి వింటున్న రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వారి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బమ్‌ను ఆయనకు వినిపించాలని, కొనుక్కున్న సీడీలోని పాటలను ఎంపీత్రీలుగా మార్చి, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంట్లో ఉన్న టవర్ స్పీకర్‌కు పెట్టాను. మూడు పాటలు విని, 'మధ్యల మధ్యల కరెంటు పోయినట్టు అయితున్నదేందిరా' అన్నారు. గొంతు వినిపిస్తున్నది గానీ మాట తెలుస్తలేదని కూడా అన్నారు. ఆయనకు ఇంగ్లిష్ రాదు కనుక ఆ మాటను నేను పట్టించుకోలేదు. ఎంపీత్రీలకు బదులు, నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ ఫైళ్లు పెట్టి, పది వేలలో మంచి హెడ్‌ఫోన్ కొంటే సరిపోతుందా?" - ఒక పాఠకుడు, సిరిసిల్ల

హెడ్‌ఫోన్ కొనకండి. ఆ పొరపాటు నేను ఒకసారి చేసి ఉన్నాను. బయటి చప్పుడును అణిచివేసే ఖరీదైన హెడ్‌ఫోన్‌ను మా నాన్న చెవులకు తగిలించి, హనుమకొండలోని మా ఇంటి ముందుగదిలో కూర్చోబెట్టాను. ఆయన పాట విన్నంతసేపూ వీధి తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు. ఎవరైనా పిలిస్తే వినపడదేమోనన్న బెంగతో, పది నిమిషాల తర్వాత దాన్ని తీసి జాగ్రత్తగా డబ్బాలో పెట్టేశారు. ఇంట్లో నలుగురి మధ్య కూర్చుని వినే అలవాటున్న మనిషికి స్పీకరే సరైన సాధనం, అది మీ దగ్గర ఇప్పటికే ఉంది.

ఇక మీ బాపు అన్న రెండు మాటల్లో ఏ ఒక్కటీ కొట్టిపారేయదగినది కాదు. మొదటి మాట ఫైళ్ల లోపాన్ని పట్టుకుంది, రెండోది బహుశా చెవి సంగతి చెబుతోంది.

1973 మార్చిలో విడుదలైన ఈ ఆల్బమ్‌లో పది భాగాలు ఉన్నా, చాలాచోట్ల ఒకటి ముగియకముందే మరొకటి అందుకుంటుంది. ఎంపీత్రీ పద్ధతి ధ్వనిని ఒకేలాంటి చిన్న ముక్కలుగా కోసి దాచుతుంది. ఒక్కో ముక్కలో 1152 నమూనాలు (ధ్వనిని కొలిచి రాసుకున్న అంకెలు) ఉంటాయి, అంటే సీడీ లెక్కన సెకనుకు 44,100 నమూనాలు చొప్పున చూస్తే సుమారు 26 మిల్లీసెకన్లు. పాట సరిగ్గా ముక్క చివరనే ముగియదు కాబట్టి మిగిలిన ఖాళీని నిశ్శబ్దంతో నింపుతారు. పాట మొదట్లోనూ ఎన్‌కోడర్ (ఎంపీత్రీగా మార్చే సాఫ్ట్‌వేర్) తన అవసరం కొద్దీ కొంత నిశ్శబ్దం చేరుస్తుంది. మంచి ప్లేయర్లు ఈ లెక్కను ఫైల్‌లోంచి చదువుకుని నిశ్శబ్దాన్ని దాటేస్తాయి. పెన్‌డ్రైవ్ పెట్టుకునే స్పీకర్లలోని చవక చిప్‌లకు సాధారణంగా ఆ తెలివి ఉండదు, పైగా ఒక ఫైల్‌ను మూసి మరో ఫైల్‌ను తెరవడానికి అవి మరికొంత సమయం తీసుకుంటాయి. మీ బాపుకు కరెంటు పోయినట్టు అనిపించింది ఇక్కడే. సాంచా మీద పోగు తెగితే చూడకుండానే పసిగట్టిన మనిషికి ఈ తెంపులు వినిపించకుండా ఎలా ఉంటాయి?

దీనికి ఫ్లాక్ మందు కాదు. ఫ్లాక్‌లో అదనపు నిశ్శబ్దం చేరని మాట నిజమే గానీ, ఫైల్ మార్చేటప్పుడు స్పీకర్ తీసుకునే విరామం అలాగే ఉంటుంది, అసలు చాలా టవర్ స్పీకర్లు ఫ్లాక్‌ను గుర్తించనే గుర్తించవు. సరైన మార్గం ఆల్బమ్‌ను ఒకే ఫైల్‌గా చేయడం. సీడీ నుంచి పాటలను ఈసారి కుదించని వేవ్ ఫైళ్లుగా దించుకోండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పదింటినీ వరుసగా తెరిచి, అన్నింటినీ ఎంచుకుని, ట్రాకులను కొసకు కొస జతచేసే ఆదేశం ఇచ్చి, మొత్తాన్ని సెకనుకు 320 కిలోబిట్ల ఎంపీత్రీగా ఎగుమతి చేయండి. సుమారు 43 నిమిషాల ఆల్బమ్‌కు నూరు మెగాబైట్ల చిల్లర అవుతుంది. ఇప్పటికే చేసి పెట్టుకున్న ఎంపీత్రీలనే అతికిస్తే వాటిలోని నిశ్శబ్దమూ అతుక్కుని వచ్చే ప్రమాదం ఉంది కనుక వేవ్ నుంచే మొదలుపెట్టండి. మధ్యలో చాయ్ తాగే వీలు కావాలనుకుంటే రెండు ఫైళ్లుగా చేయవచ్చు. గ్రామఫోన్ రికార్డు తిప్పాల్సిన చోటు అయిదో భాగం తర్వాత ఉంది, అక్కడ విరామం ఇస్తే ఆల్బమ్‌కు అన్యాయం జరగదు. అయితే కొన్ని స్పీకర్లు ఫైళ్లను పేరును బట్టి కాక, పెన్‌డ్రైవ్‌లోకి చేరిన వరుసను బట్టి వాయిస్తాయి కాబట్టి మొదటి సగాన్నే ముందుగా కాపీ చేయండి.

రెండో మాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. మగ్గాల షెడ్డులో శబ్దం 90 డెసిబెళ్లు దాటడం మామూలే. అంతటి మోతలో ఏళ్ల తరబడి పనిచేసినవారికి వినికిడి ముందుగా 3000 నుంచి 6000 హెర్ట్జ్ (ధ్వని ఎంత సన్ననిదో చెప్పే కొలత) మధ్య, ముఖ్యంగా 4000 దగ్గర తగ్గుతుంది, ఆ పైన వయసు తన వంతు తాను చేస్తుంది. ఆ, ఈ, ఊ వంటి అచ్చుల బలం కింది స్థాయుల్లో ఉంటుంది గనుక గొంతు వినిపిస్తూనే ఉంటుంది. స, ష, త, చ వంటి హల్లులను వేరుచేసి చూపే ధ్వని మాత్రం ఆ దెబ్బతిన్న ప్రాంతంలోకి, దాని చుట్టుపక్కలకు వస్తుంది. "వినపడుతుంది గానీ మాట తెలియదు" అన్నది ఆ చెవులు చెప్పే మాటే, అందులో ఇంగ్లిష్ రాకపోవడానికి పాత్ర తక్కువ కావచ్చు. టీవీలో తెలుగు వార్తలు విన్నప్పుడు కూడా ఇలాగే ఉందా అని మీ బాపును అడగండి. అవునంటే పాటల సంగతి పక్కనపెట్టి, ముందుగా చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి.

ఈలోగా ఆయన కోసమే ఒక ప్రత్యేక ప్రతి తయారుచేయవచ్చు. ఆడాసిటీలోనే మొత్తం ధ్వనిని 5 డెసిబెళ్లు తగ్గించి, ఆ తర్వాత ఫిల్టర్ కర్వ్ అనే సాధనంతో 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ప్రాంతాన్ని 4 డెసిబెళ్ల మేర ఎత్తి, 150 కంటే కింది భాగాన్ని రెండు మూడు డెసిబెళ్లు దించండి. ముందు తగ్గించకుండా ఎత్తితే గట్టి శబ్దాల దగ్గర ధ్వని చిట్లుతుంది. స్పీకర్‌లో బేస్ పెంచే మీట ఉంటే ఆపేయండి. ఊళ్లో అందరూ దాన్ని నొక్కి పెడతారు, దాంతో డప్పు తప్ప మరేమీ మిగలదు. మరీ ఎక్కువ దించినా ప్రమాదమే, ఎందుకంటే ఈ ఆల్బమ్ గుండె చప్పుడుతో మొదలవుతుంది, అది కాస్తా మాయమవుతుంది.

ఆ గుండె చప్పుడు దగ్గరే ఇంకో ఉచ్చు ఉంది. మొదట్లో ఏమీ వినిపించనంత నెమ్మదిగా మొదలవుతుంది కాబట్టి, "ఏం వస్తలేదు" అని ఎవరో ఒకరు వాల్యూమ్ పెంచుతారు. కొద్దిసేపట్లోనే కేక వినిపిస్తుంది, ఆ తర్వాత 'టైమ్' పాట మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారిగా గంటలు కొడతాయి. పెద్దవారు ఉలిక్కిపడి ఆపేయమంటారు. వాల్యూమ్‌ను ముందుగా ఆ గడియారాల చోట సరిచూసుకుని, ఆ తర్వాత మొదటికి వచ్చి, ఇక ముట్టుకోకండి.

మొదటిసారి మొత్తం పెట్టాలా అని మీరు అడగలేదు, అయినా నా అభిప్రాయం చెబుతాను. ముందు రోజు రెండు పాటలు మాత్రమే వినిపించండి. అయిదో భాగమైన 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై'లో క్లేర్ టోరీ అనే గాయని మాటలు లేకుండా గొంతెత్తి పాడుతుంది, అక్కడ ఇంగ్లిష్ వచ్చినవారూ రానివారూ ఒక్కటే. రెండోది 'మనీ'. దాని మొదట్లో వినిపించే చిల్లర గలగల, కాగితం చిరిగే చప్పుడు, గల్లాపెట్టె మోత కంప్యూటర్‌లో చేసినవి కావు. వాటిని టేపు మీద రికార్డు చేసి, సమానమైన కొలతకు ముక్కలు కోసి, కొసకు కొస అతికించి, ఉంగరంలా తిరిగేలా చేశారు. పోగులు అతికిన చేతులకు ఈ సంగతి చెబితే మీకంటే నాకంటే బాగా అర్థమవుతుంది. పైగా ఆ పాట ఏడు మాత్రల మీద నడుస్తుంది. తకిట తకధిమి అని లెక్క వేసుకుని ఆయన చేతికి తాళాలు ఇవ్వండి. గిటారు విజృంభించే చోట లెక్క నాలుగుకు మారి, తిరిగి ఏడుకు వస్తుంది. అక్కడ ఆయన తాళం తప్పుతారో, మీరు తప్పుతారో నాకు రాయండి.

"మాది జగిత్యాల దగ్గర పల్లె. నేను హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను. బాపు దుబాయిలో డ్రైవరు. ఒక పాత రాక్ ఆల్బమ్‌ను ఇద్దరం ఒకేసారి వినాలని, కాల్ చేసి ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టాను. గొంతు వస్తున్నది, గిటారు మాత్రం మధ్యలో మాయమై మళ్లీ వస్తున్నదని అన్నారు. రికార్డు చేసి వాయిస్ మెసేజ్‌గా పంపినా బాగా లేదు. మార్గం ఏమిటి?" - ఒక పాఠకురాలు, హనుమకొండ

మనవైపు గల్ఫ్ కుటుంబాలు ఒకప్పుడు మాటలను క్యాసెట్‌లో రికార్డు చేసి, ఊరికి వచ్చిపోయే వారి చేతికిచ్చి పంపుకునేవి. ఆ క్యాసెట్ వెనుకవైపు పాటలు ఎక్కించినా పెద్దగా చెడిపోయేవి కావు. ఇప్పటి కాల్ అలా కాదు. అందులోని సాఫ్ట్‌వేర్ మనిషి మాటను కాపాడి, మిగతాదాన్ని చప్పుడుగా భావించి అణిచివేసేలా తయారైంది, కాబట్టి సాగదీసి మోగే గిటారును అది ఫ్యాను మోతతో సమానంగా చూస్తుంది. వాయిస్ మెసేజ్ కూడా మాటకు సరిపడేంతగా కుదించి పంపేదే, పైగా ఎడమ కుడి తేడాలు అందులో కలిసిపోతాయి.

కనుక ధ్వనిని పంపకండి, సమయాన్ని కలపండి. ఇద్దరూ తమ తమ ఫోన్లలో ఏదైనా సంగీత సేవలో అదే ఆల్బమ్‌ను ముందుగానే డౌన్‌లోడ్ చేసుకోవాలి. దుబాయి సమయం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది కాబట్టి ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు అక్కడ ఎనిమిది. ఆ వేళకు "పెట్టు" అని ఒక సందేశం పంపి ఇద్దరూ మొదలుపెట్టండి. సెకను తేడా వస్తే నష్టమేమీ లేదు. సెట్టింగుల్లో పాటలను కలగలిపే షఫుల్‌ను, ఒక పాట చివరను మరో పాట మొదటితో కలిపే క్రాస్‌ఫేడ్‌ను ఆపేయాలి, విరామం లేని ప్లేబ్యాక్ ఉంటే దాన్ని తెరిచి ఉంచాలి. ఉచిత ఖాతాల్లో మధ్యలో ప్రకటన దూరుతుంది, అందుకని ఆ ఒక్క నెలకైనా చందా కట్టడం మేలు. కుటుంబ పథకం తీసుకుందామనుకుంటే ఒక చిక్కు ఉంది, చాలా సేవల్లో అది ఒకే ఇంటి చిరునామాలో ఉండేవారికి మాత్రమే వర్తిస్తుంది. ఆయన గదిలో ఇంకొందరు ఉంటారు కాబట్టి అక్కడ మాత్రం ఇయర్‌ఫోన్ తప్పదు. వైరు ఉన్నదైతే మధ్యలో ఛార్జింగ్ అయిపోయే బాధ ఉండదు.

"అమ్మ ఫోన్‌లో యూట్యూబ్‌లో నాకిష్టమైన రాక్ ఆల్బమ్ వినిపించాను. అప్పటినుంచి ఆమెకు సుప్రభాతం ముగియగానే ఎలక్ట్రిక్ గిటార్లు మొదలవుతున్నాయి. పూజ దగ్గర నన్ను తిడుతున్నది. ఏం చేయాలి?" - ఒక పాఠకుడు, కాజీపేట

ముందుగా ఆటోప్లే మీటను ఆపేయండి, సుప్రభాతం అయ్యాక నిశ్శబ్దమే వస్తుంది. తర్వాత ఆమె ఖాతాలో హిస్టరీ తెరిచి, ఆల్బమ్‌కు సంబంధించిన వీడియోలను ఒక్కొక్కటిగా తొలగించండి. ఇకముందు ఏదైనా వినిపించాలనుకుంటే మీ ఫోన్‌లోనే పెట్టండి, లేదా ఆమె ఫోన్‌లో, విన్నది హిస్టరీకి ఎక్కని ఇన్‌కాగ్నిటో పద్ధతిలో తెరవండి. మొత్తం హిస్టరీని మాత్రం ఒక్క దెబ్బతో తుడిచేయకండి, ఆమె ఏళ్లుగా వింటున్న కీర్తనల జాడ కూడా దానితోపాటే పోతుంది. హిస్టరీలో ఏ రోజు ఏది విన్నారో వరుసగా ఉంటుంది కదా. తొలగించే ముందు, మీరు ఇంట్లో లేని రోజున ఆ ఆల్బమ్‌లోని పాట ఏదైనా ఆమె తానుగా పెట్టుకున్నదేమో ఒకసారి చూడండి. అలాంటిది ఒకటి కనిపిస్తే దాన్ని మాత్రం ఉండనివ్వండి.