సంతకానికి ముందు చదువు, చిన్నీ

చిన్నీకి మేనత్త ఆశీస్సులు.

బ్యాంకు ఉద్యోగం మానేసి పిల్లల పుస్తకాలకు దేవకన్యల బొమ్మలు వేస్తానన్నావని మీ నాన్న చెప్పగానే గుండె గుభేలుమంది. ఫోను పెట్టేశాక మాత్రం పక్కింటావిడను పిలిచి మరీ గొప్పలు చెప్పుకున్నాను.

కాగితం మీద వెయ్యి, కంప్యూటర్‌లో వెయ్యి, నీ ఇష్టం. మొహం మాత్రం రెండు పేజీల మధ్య మడతలో పడనివ్వకు. నువ్వు పంపిన పూలకన్య తొడుక్కున్నది ఏ పువ్వో నాకు తెలియలేదు. ఇంగ్లండులో ఇలాంటి పూలకన్యల బొమ్మలే వేసిన సిసిలీ మేరీ బార్కర్ తన అక్క బడిలోని పిల్లలనే ఎదురుగా నిలబెట్టుకుని గీసింది. పుల్లలకు పలుచటి గుడ్డ చుట్టి రెక్కలు కట్టింది. నువ్వు గునుగు పువ్వును చూడు. బతుకమ్మకు రంగులో ముంచినది కాదు, చేనులో ఉన్నది. కొసన గులాబీ, కిందికి వచ్చేకొద్దీ వెండి తెలుపు. మోదుగ పూసేనాటికి ఆకు రాలిపోతుంది. మోదుగ కన్యను పచ్చటి ఆకుల్లో కూర్చోబెడితే ములుగు పిల్లలు నవ్విపోతారు.

ఇక నా భయం. మీ మామయ్య ఒక ప్రచురణకర్తకు బొమ్మలు వేసి, డబ్బు ముట్టిన రసీదే కదా అని ఓ కాగితం మీద సంతకం పెట్టాడు. అందులో ‘సర్వహక్కులు’ అని ఉంది. చదవలేదు, మొహమాటం! కొన్నేళ్లకు ఆ బొమ్మలు నోటుబుక్కుల అట్టలకెక్కాయి. పేరు లేదు, పైసా లేదు. నీ ఒకటో తరగతి నోటుబుక్కు మీది రెక్కల పాప ఆయన గీసిందే. తన బొమ్మను తానే వరంగల్ చౌరస్తాలో డబ్బు పెట్టి కొని నీకిచ్చాడు. అడిగితే, ‘అట్ట బాగుందని తెచ్చాను’ అన్నాడు, పిచ్చి మనిషి.

బార్కరూ 1923లో తొలి పూలకన్యల పుస్తకానికి 24 బొమ్మలు, పద్యాలతో సహా ఇచ్చి 25 పౌండ్లు పుచ్చుకుంది. రాయల్టీ, అంటే అమ్మకాల్లో వాటా, చూసింది 1925లో, రెండో పుస్తకానికే. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే అది 5 ఏళ్లకే చెల్లుతుంది. అందుకే ‘శాశ్వతంగా’ అన్న మాట కనబడితే కొట్టెయ్యమని అడుగు. హక్కులు అమ్ముకున్నా ఈ బొమ్మ నాదేనని చెప్పుకునే హక్కు పోదని 57వ సెక్షన్ అంటుంది. ఆ సంగతి నాకు తెలిసేసరికి మీ మామయ్య లేడు.

నీకొచ్చిన అగ్రిమెంటు మీద సంతకం పెట్టకుండా ఆదివారం హనుమకొండకు పట్టుకురా. ఇద్దరం కూర్చుని చదువుదాం. రాత్రి ఒంటిగంట దాకా తెర ముందే ఉంటున్నావట, దాని సంగతీ అప్పుడే తేలుస్తాను.

మీ అత్త