డిజాస్టర్‌లో ‘డిస్’ తీసేస్తే మిగిలేది ఏంటి?

‘డిస్’ అంటే కాదు, లేదు అని కదా, మరి డిజాస్టర్‌లో మిగిలిన ‘ఆస్టర్’కి అర్థం ఏంటి అని అడిగారు. ఇదే డౌట్ నాకు ఎనిమిదో తరగతిలో వచ్చింది. కాకపోతే నేను ఎవర్నీ అడక్కుండా నేరుగా పరీక్షలోనే రాసేశాను. వ్యతిరేక పదాలు రాయమంటే డిజాస్టర్ పక్కన దర్జాగా ఆస్టర్ అని పెట్టాను. డిసగ్రీకి అగ్రీ, డిసప్పియర్‌కి అప్పియర్ అయినప్పుడు ఇదెందుకు కాదు? మాస్టారు పేపర్లు ఇచ్చేటప్పుడు దాన్ని పైకి చదివారు. ఎర్ర సిరాతో చుట్టిన సున్నా కంటే వెనక బెంచీల నవ్వే నాకు బాగా గుర్తుంది.

చాలా ఏళ్ల తర్వాత ఇంకేదో మాట కోసం డిక్షనరీ తిప్పుతుంటే ఇది కంటపడింది. ఆస్టర్ అనే మాట నిజంగానే ఉంది, గ్రీకులో నక్షత్రం అని అర్థం. ఇటాలియన్‌లో డిజాస్ట్రో అనేవాళ్లు, అది ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఇక్కడ డిస్ అంటే ‘లేదు’ అని కాదు, ‘చెడ్డ’ అని. చెడ్డ నక్షత్రం, అంతే. నెత్తిన పడ్డ కష్టాన్ని ఆకాశం మీదికి నెట్టడం అన్నమాట. మనం ‘గ్రహచారం బాగోలేదు’ అంటాం, పొరపాటు చేసి ‘ఏదో గ్రహపాటున జరిగింది’ అంటాం, అచ్చం అదే ఆలోచన.

ఈ కుటుంబం పెద్దదే. కీబోర్డు మీద 8 అంకెతో పాటు ఉండే ఆస్టరిస్క్ అంటే చిన్న నక్షత్రం, ఆస్ట్రోనాట్ అంటే నక్షత్రాల్లో తిరిగే నావికుడు. స్టార్, సంస్కృతం నుంచి మనకొచ్చిన తార కూడా దూరపు చుట్టాలే. ఇన్‌ఫ్లుయెంజాకి ఆస్టర్‌తో సంబంధం లేదు గానీ అదీ ఇలాంటిదే, ఇటాలియన్‌లో ‘ప్రభావం’ అని అర్థం, జబ్బులు నక్షత్రాల ప్రభావం వల్ల వస్తాయని నమ్మిన రోజుల మాట. 1743లో ఇటలీలో మొదలై యూరప్‌లో వ్యాపించిన జ్వరంతో పాటు ఆ పేరూ ఇంగ్లీషుకి చేరింది.

ఇక వాడకం సంగతి. ఇప్పుడు ఆ మాటలో నక్షత్రాలేం మిగల్లేదు, భూకంపం, వరద లాంటి పెద్ద నష్టానికి వాడతారు. ‘నా ఇంటర్వ్యూ డిజాస్టర్ అయింది’ అని స్నేహితులతో అంటే బాగానే ఉంటుంది గానీ, పని రెండు రోజులు లేటయితే ఆఫీసు మెయిల్‌లో డిజాస్టర్ అని రాయకండి, డిలే చాలు.

వ్యతిరేక పదం మాత్రం ఆస్టర్ కాదు, మాస్టారి సున్నా కరెక్టే.