విమానంలో వాటా కొంటానంటున్నాడు.. ఇన్సూరెన్స్ 15 గంటలు అడుగుతోంది!

ప్రశ్న: మా అబ్బాయి స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాలో పైలట్ ట్రైనింగ్ చేస్తున్నాడు. ప్రైవేట్ లైసెన్స్, బయట చూడకుండా మీటర్లతోనే నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ వచ్చాయి. ఇప్పటికి 170 గంటలు, అన్నీ సెస్నా 172 మీదే. అక్కడి కమర్షియల్ లైసెన్సుకు 250 కావాలి, ఆ తర్వాత ఇండియా వస్తాడు. ఇంకో ఇద్దరు స్నేహితులతో కలిసి పాత పైపర్ యారో కొంటే మిగతా 80 గంటలు చవగ్గా పడతాయంటున్నాడు. ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం ముందు 15 గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగరమంటున్నారు. లైసెన్స్ ఉన్నవాడికి మళ్లీ ఇన్‌స్ట్రక్టర్ ఎందుకు? ఎగరకపోయినా గంటల లెక్క రాసే లాగ్‌బుక్‌లో ‘రాసేసుకుంటే చాలు, ఎవరూ చూడరు’ అని ఒక స్నేహితుడు అన్నాడట. ఇప్పటికే పొలం బ్యాంకులో పెట్టాం. కొనడం మేలా, అద్దెకు తీసుకోవడం మేలా? - ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: మీ భయం ఇన్సూరెన్స్ గురించి కాదని మీ ఉత్తరంలోనే తెలిసిపోతోంది. పొలం మీద తెచ్చిన డబ్బు గంటల లెక్కన కరుగుతోంది, పిల్లాడు ఎక్కడ వెనకబడతాడోనని బెంగ. అందుకే ముందు ఇది వినండి. 170 గంటలకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చేతిలో ఉన్న కుర్రాడు వెనకబడినట్టు కాదు. ఆ 15 గంటలు కూడా దండగ పోవు, రాయించుకోవడం తెలిస్తే.

ఆ 15 గంటలు ప్రభుత్వం పెట్టిన నియమం కాదు. చక్రాలు లోపలికి ముడుచుకునే విమానం నడపడానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ అడిగేది ఒక ఇన్‌స్ట్రక్టర్ నేర్పి, లాగ్‌బుక్‌లో కాంప్లెక్స్ ఎండార్స్‌మెంట్, అంటే ఈ రకం విమానం నడపగలడన్న సంతకం, రాయడమే. దానికి కనీస గంటలంటూ లేవు. యారో ఇంజన్ 200 హార్స్‌పవర్ దాటదు కాబట్టి బలమైన ఇంజన్లకు అడిగే హై పెర్ఫార్మెన్స్ ఎండార్స్‌మెంట్ కూడా అక్కర్లేదు, అది 200 దాటితేనే. విమానం దెబ్బతింటే డబ్బు కట్టాల్సింది కంపెనీ కాబట్టి అది తన జాగ్రత్త తను చూసుకుంటుంది. 172కు చక్రాలు ఎప్పుడూ కిందే ఉంటాయి. మీవాడి చెయ్యి ఇప్పటిదాకా చక్రాలు ఎత్తి దించే గేర్ లివర్ ముట్టుకోలేదు. చక్రాలు దించడం మరిచి పొట్టమీద దిగితే ప్రొపెల్లర్ వంగుతుంది, ఇంజన్ విప్పి చూడాల్సిందే.

యారోలో ఒక చిన్న తిరకాసు చూడండి. గేర్ దిగిందని చెప్పే మూడు పచ్చలైట్లు, నావిగేషన్ లైట్ల స్విచ్ వేసి ఉంటే వాటంతటవే మసకబారతాయి. రాత్రి కళ్లకు గుచ్చుకోకూడదని ఆ ఏర్పాటు. మిట్టమధ్యాహ్నం ఆ స్విచ్ వేసి మరిచిపోతే లైట్లు వెలగనట్టే కనిపిస్తాయి. కొత్త పైలట్ గేర్ పాడైందని కంగారుపడి, ఆ కంగారులో స్పీడు, ఎత్తు వదిలేస్తాడు. దిగాక రెక్కల వెనకుండే ఫ్లాప్స్ ఎత్తబోయి గేర్ లివర్ పట్టుకునేవాళ్లూ ఉంటారు. ఇవన్నీ పక్కన తెలిసిన మనిషి కూర్చుని ఉండగా అలవాటు కావాలి.

ఇక ఆ గంటలు ఎలా వాడుకోవాలో చెబుతాను. 250 గంటల దారిలో కమర్షియల్ లైసెన్సుకు కాంప్లెక్స్ విమానంలోనో, మీటర్ల బదులు స్క్రీన్లుండే కొత్తరకం గ్లాస్ కాక్‌పిట్ విమానంలోనో 10 గంటల శిక్షణ ఎలాగూ చెయ్యాలి. ఇన్సూరెన్స్ అడిగిన 15లో ఆ 10 కలిసిపోతాయి. షాండెల్, లేజీ ఎయిట్, పవర్ ఆఫ్ 180 లాంటి కమర్షియల్ పాఠాలు అదే విమానంలో చేయించి, ఏ పాఠం చేశారో ఇన్‌స్ట్రక్టర్ ప్రతి ఎంట్రీలో రాసి, సంతకంతోపాటు తన సర్టిఫికెట్ నంబరు వెయ్యాలి. అప్పుడు ఒకే గంట ఇన్సూరెన్సుకూ, లైసెన్సుకూ, ఎండార్స్‌మెంటుకూ పనికొస్తుంది. ‘లోకల్ ఫ్లైట్, 1.4’ అని ఒక్క ముక్క రాసుకుని వస్తే ఇన్సూరెన్సుకు, మొత్తం గంటల లెక్కకు తప్ప దేనికీ కొరగాదు.

పాలసీ కాగితంలో పైలట్ల గురించిన పేజీ అబ్బాయినే చదవమనండి. ‘సోలోకు ముందు ఇన్ని గంటలు’ ఒక లైను, ‘ప్యాసింజర్లను ఎక్కించుకునే ముందు ఇన్ని గంటలు’ ఇంకో లైను ఉండొచ్చు. పక్క సీట్లో కూర్చున్న స్నేహితుడు కూడా కంపెనీ దృష్టిలో ప్యాసింజరే కావచ్చు. నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌కి కూడా ఆ మోడల్ మీద ఇన్ని గంటలుండాలని షరతు ఉంటుంది. చాలామంది బోర్లాపడేది ఇక్కడే. తెలిసినవాడు, తక్కువకు వస్తున్నాడు అని ఒక ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టుకుంటారు, అతనికి యారో మీద గంటలుండవు, ఆ 15 గంటలూ ఇన్సూరెన్స్ లేకుండా ఎగిరినట్టవుతుంది. ఇన్‌స్ట్రక్టర్ పేరు ముందే బ్రోకర్‌కి పంపి, ‘సరే’ అని మెయిల్ తెప్పించుకోవాలి. గంటలు పూర్తయ్యాక లాగ్‌బుక్ పేజీల స్కాన్ పంపి, షరతు తీరిందని మళ్లీ మెయిల్ వచ్చాకే ఒంటరిగా ఎక్కాలి. సిమ్యులేటర్ గంటలు కలుస్తాయని ఊహించుకోవద్దు. విమానం కొన్న ఊరి నుంచి ఇంటికి తెచ్చుకునే పొడవాటి ప్రయాణంలో గంటలు గబగబా పడతాయి గానీ, పది గంటలకు నాలుగు ల్యాండింగులే ఉంటాయి. పాలసీ ల్యాండింగులు కూడా లెక్కగట్టి అడిగితే అది చాలదు.

బ్రోకర్ ఒక్కడే ఉండాలి. బేరమాడదామని ముగ్గురి దగ్గరికి వెళితే, ఉన్న కొద్దిపాటి కంపెనీలకే ముగ్గురూ మీవాడి పేరు పంపుతారు. మొదట పంపినవాడికే కొటేషన్ వస్తుంది, మిగతావాళ్లకు తలుపు మూసేస్తారు.

‘రాసేసుకుంటే చాలు’ సంగతికి వద్దాం. అయ్యా, ఆ మాట మీరు ఉత్తరంలో ఎత్తకుండా, ఆ రోజే ఫోన్‌లో అబ్బాయిని గట్టిగా అడగాల్సింది. ప్రమాదం జరిగితే క్లెయిమ్ చూసేవాళ్లు మొట్టమొదట తెరిచేది లాగ్‌బుక్కే. ఆ విమానం ఏ రోజు ఎగిరిందో ట్రాకింగ్ రికార్డుల్లో, ఇంజన్ మీటరులో, పెట్రోలు బిల్లుల్లో ఉంటుంది. అబద్ధపు ఎంట్రీ తేలితే క్లెయిమ్ పోవడం చిన్న సంగతి, ఎఫ్‌ఏఏ ఉన్న లైసెన్సులన్నీ రద్దు చెయ్యొచ్చు. పొలం పెట్టి కొన్న లైసెన్సును 15 గంటల కక్కుర్తికి పణంగా పెడతారా?

వాటా బేరం మీద నాకు ఉన్నవి అనుమానాలు మాత్రమే కాదు, అభ్యంతరాలు. అమెరికాలో విమానం రిజిస్టర్ చేయించుకోవాలంటే పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. సహ యజమానులుంటే అందరికీ ఆ అర్హత ఉండాలి. స్టూడెంట్ వీసా మీదున్న మీ అబ్బాయి పేరు నేరుగా ఎక్కదు. ట్రస్టు పెట్టించే దారి ఉంది, దానికి ఏటేటా ఫీజులు. లేదంటే డబ్బు మీది, విమానం ఎవరి పేరునో. ఈ ముక్క ఎవరైనా మీకు చెప్పారా? మీరైనా అడిగారా? అర సెంటు స్థలం కొనాలన్నా లింకు డాక్యుమెంట్లు తిరగేసే మీరు, ఇక్కడ కుర్రాళ్ల మాట మీద డాలర్లు పంపబోతున్నారు. పైగా ముగ్గురిలో ఎవరికి అనుభవం తక్కువో వాళ్లను బట్టే ప్రీమియం పలుకుతుంది. ఏడాదికోసారి తప్పనిసరి తనిఖీలో ఏ భాగం పోయిందని తేలినా బిల్లు మూడు వాటాలు. 80 గంటల తర్వాత మీవాడు ఇండియా వచ్చేస్తాడు. ఆ వాటా ఎవరు కొంటారు?

ఇంకో మెలిక. స్నేహితులు కలిసి ఎగిరి, ఒకరు కళ్లకు అడ్డు పెట్టుకుని ఇన్‌స్ట్రుమెంట్ ప్రాక్టీస్ చేస్తుంటే ఇంకొకరు బయట గమనిస్తూ సేఫ్టీ పైలట్‌గా కూర్చుని, ఇద్దరూ పీఐసీ (విమానం బాధ్యత తనదైన పైలట్) గంటలు రాసుకునే వెసులుబాటు అమెరికాలో ఉంది. ఇన్‌స్ట్రక్టర్ పక్కనున్నా, తన చేతులతో నడిపిన గంటను పీఐసీగా రాసుకోవచ్చు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లెక్క వేరు. డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరిన గంట) అంటే డ్యూయలే, ఒక ఫ్లైట్‌కి ఒకరే పీఐసీ. ఇక్కడి కమర్షియల్‌కి 200 గంటల్లో 100 పీఐసీ కావాలి. ఉదాహరణకు, అక్కడి పుస్తకంలో పీఐసీ 120 కనిపించినా, డ్యూయల్ 40, సేఫ్టీ పైలట్ 20 తీసేస్తే మిగిలేది 60. చవక గంటలన్నీ ఇలాగే ఎగిరిపోతాయి.

అద్దెకే వెళ్లమనండి. యారో ఉన్న క్లబ్బులో వాళ్ల పాలసీ అడిగినంత డ్యూయల్ చేసి, పైన చెప్పినట్టు కమర్షియల్ పాఠాలు అందులోనే ముగించి, మిగతా పీఐసీ గంటలు తక్కువ అద్దె పడే 172లో ఒంటరిగా పూర్తిచెయ్యడం మంచిది. అద్దెదారుడి పేరున విడిగా ఒక పాలసీ తీసుకోవాలి. క్లబ్బు ఇన్సూరెన్స్ క్లబ్బుని కాపాడుతుంది గానీ, విమానం దెబ్బతింటే ఆ కంపెనీయే మీవాడి మీద వసూలుకు రావచ్చు. ఎదుటివాళ్లకు జరిగే నష్టంతోపాటు అద్దె విమానానికి జరిగే నష్టం కూడా అందులో ఉందో లేదో చూడాలి. చవక పాలసీల్లో ఆ రెండోది ఉండదు.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు యారో సంగతి ఎత్తకండి. ఇన్‌స్ట్రక్టరూ సేఫ్టీ పైలటూ లేకుండా ఎగిరిన గంటలు విడిగా ఒక కాగితం మీద కూడి ఫొటో పంపమనండి. 80లో ఎన్ని ఒంటరిగా ఎగరాలో ఆ అంకె చూశాకే తేలుతుంది.