సియోల్ వచ్చేవాళ్లు ముందు అక్షరాలు నేర్చుకోండి

సియోల్‌కి చదువుకనో, కంపెనీ పనిమీదనో వచ్చే మనవాళ్లు మొదట అడిగేది తిండి గురించే. "అక్కా, అక్కడ వెజ్ దొరుకుతుందా? పచ్చళ్లు తెచ్చుకోవచ్చా?" రెండూ చెప్తాను. కానీ అంతకన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. విమానం ఎక్కేలోపు కొరియన్ భాష రాసే హంగుల్ అక్షరాలు నేర్చుకోండి. భాష సంగతి తర్వాత చూసుకోవచ్చు, అక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదవగలగాలి.

1446లో సెజోంగ్ రాజు ప్రజలకోసం ప్రకటించిన లిపి అది. మూల అక్షరాలు 24 మాత్రమే: 14 హల్లులు, 10 అచ్చులు. హల్లుకి అచ్చు చేర్చి, అవసరమైతే కింద ఇంకో హల్లు పెడితే ఒక గడి, అంటే మన అక్షరంలా ఒక పలుకు, తయారవుతుంది. గుణింతాలూ వత్తులూ దిద్దిన మనకి వారం రోజులు ఎక్కువే.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఇక్కడ వెజ్ తినేవాళ్ల కష్టాల్లో సగం చదవలేకపోవడం వల్లే వస్తాయి. కన్వీనియన్స్ స్టోర్‌లో ఏ ప్యాకెట్ తీసినా వెనక పదార్థాల జాబితా, దాని దగ్గర్లోనే వేరే రంగులో అచ్చువేసిన చిన్న గడి ఉంటుంది. ఎలర్జీ ఉన్నవాళ్లకోసం చట్టప్రకారం వేసేది. అందులో ఉన్న పదార్థాల పేర్లు రాసి చివర 'హమ్యు' అని ఉంటుంది, అంటే ఇవి ఇందులో ఉన్నాయని. గొడ్డుమాంసం, పంది, కోడి, రొయ్య, గుడ్డు, పాలు, ఇవన్నీ ఆ గడిలో చెప్పి తీరాలి. సోగోగి (గొడ్డుమాంసం), ద్వేజిగోగి (పంది), తక్కోగి (కోడి), సేవు (రొయ్య) అనే నాలుగు మాటలు ఆ లిపిలో గుర్తుపడితే చాలు, మాంసం విషయంలో టెన్షన్ చాలావరకు పోతుంది. ఒక్క జాగ్రత్త: నెత్తళ్లు, అంటే మ్యోల్చి, ఆ ఎలర్జీ జాబితాలో లేవు. వాటికోసం పైన ఉన్న పదార్థాల జాబితా మొత్తం చూడాలి. ఇక్కడ సూపుల్లో, నూడుల్స్ పొడుల్లో నెత్తళ్ల రసం చాలా ఎక్కువ.

హోటల్లో సంగతి ఇంకోలా ఉంటుంది. "గోగి ప్పే జుసెయో", అంటే మాంసం తీసేసి ఇవ్వండి అంటే ముక్కలు తీసేసి తెస్తారు. ఎముకల రసం, చేప, హామ్ ఆ మాట కిందికి వస్తాయని చాలామంది వంటవాళ్లు అనుకోరు. కాబట్టి ఏవేవి తినరో విడివిడిగా చెప్పండి, లేదా కొరియన్‌లో రాయించుకుని ఫోన్‌లో చూపించండి. ఇక్కడి కూరగాయల పచ్చడి కిమ్చీలో సాధారణంగా రొయ్యలదో చేపలదో ఊట కలుస్తుంది. కూరగాయలతో కలిపి తినే అన్నం బిబింబాప్ మనవాళ్లకి సులువైన తిండే, కానీ అందులో కలిపే మిరప ముద్ద గొచుజాంగ్‌లో మాంసం వేయించి కలిపే చోట్లున్నాయి, అడిగి తెలుసుకోవాలి. శుద్ధ శాకాహారం కావాలంటే గుడి భోజనం వెతకండి. బౌద్ధ మఠాల వంటలో మాంసం, చేప ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు, మన ఇళ్లల్లో నియమంగా తినే పెద్దవాళ్లకి కూడా సరిపోతుంది. జోగ్యేసా గుడి ఎదురుగా ఆ సంప్రదాయం వాళ్లే నడిపే బల్వూ గోంగ్యాంగ్ అనే హోటల్ ఉంది. ధర ఎక్కువే, ముందుగా బుక్ చేసుకోవాలి, కానీ ఒక్కసారైనా తినాల్సిన భోజనం.

ఇంట్లో వండుకునేవాళ్లకి ఇతెవాన్‌లో మసీదు చుట్టుపక్కల కొట్లలో పప్పులు, మసాలాలు, బాస్మతి బియ్యం దొరుకుతాయి. ఇక్కడి బియ్యం ముద్దగా అవుతుంది, పులిహోరకి పనికిరాదు, పెరుగన్నానికి మాత్రం బాగుంటుంది. కొరియా కారప్పొడికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. గుంటూరు కారం ఒక ప్యాకెట్ తెచ్చుకోవడమే మంచిది. ఆవకాయ, గోంగూర గట్టిగా సీల్ చేయించి తెచ్చుకుంటే మామూలుగా ఇబ్బంది రాదు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు. మాంసం ఏ రూపంలో ఉన్నా క్వారంటీన్ నిబంధనల కిందికి వస్తుంది, చెప్పకుండా తెస్తే జరిమానా చాలా పెద్దది. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు, విత్తనాలు కూడా అంతే. అమ్మ ప్రేమగా పెట్టినా సరే, తీసి ఇంట్లో పెట్టి రండి.

ఇక చెత్త. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు, వచ్చిన వారంలోనే అవసరం పడుతుంది. 1995 నుంచి ఇక్కడ చెత్త పారెయ్యాలంటే డబ్బు కట్టాలి, ఆ డబ్బు సంచి ధరలోనే ఉంటుంది. మీరుండే 'గు' (నగరంలో మన వార్డులాంటి విభాగం) పేరు అచ్చువేసిన సంచిని దగ్గర్లోని మార్ట్‌లో కొని అందులోనే వెయ్యాలి. ప్లాస్టిక్, గాజు కడిగి, కాగితం కడక్కుండా, దేనికది విడిగా పెట్టాలి. తిండి వ్యర్థాలది మళ్లీ వేరే దారి, అక్కడే మన వంటకి చిక్కొస్తుంది. తిండి చెత్తలో పశువులు తినగలిగేవే వెయ్యాలన్నది వాళ్ల లెక్క. మిగిలిన అన్నం, కూర అందులోకి వెళ్తాయి. ఎముకలు, గుడ్డు పెంకులు, ఉల్లిపొట్టు, గట్టి టెంకలు, టీపొడి పిప్పి మాత్రం మామూలు చెత్త సంచిలోకి. సాంబారు మిగిలితే నీళ్లు వంచేసి పిప్పి మాత్రమే వెయ్యండి. తప్పు సంచిలో పెడితే తీసుకెళ్లకుండా అక్కడే వదిలేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. పక్కింటివాళ్లతో మంచిగా ఉండాలంటే ఇది మొదటి మెట్టు.

పెద్దల విషయంలో వీళ్లు మనకి చాలా దగ్గర. డబ్బైనా కార్డైనా రెండు చేతులతో ఇవ్వడం, తీసుకోవడం. భోజనానికి కూర్చుంటే పెద్దాయన చెంచా ఎత్తాకే మిగతావాళ్లు మొదలుపెట్టడం. పెనుకొండ కియా ఫ్యాక్టరీలో కొరియన్లతో పనిచేసి వచ్చినవాళ్లకి ఇవి కొంత తెలిసే ఉంటాయి. తెలియని విషయాలు రెండున్నాయి. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవాళ్లకి పెట్టే ముద్ద గుర్తొస్తుంది వాళ్లకి. మెట్రో పెట్టెల చివర్లలో ఉండే సీట్లు వృద్ధులవి. ఖాళీగా ఉన్నా కుర్రవాళ్లు కూర్చోరు, మీరూ నిలబడండి. గులాబీ రంగు సీట్లు గర్భిణులకోసం. రైల్లో స్పీకర్ పెట్టి వీడియో కాల్ మాట్లాడకండి. ఇంటికి ఫోన్ చెయ్యాలనిపిస్తే దిగాక చేసుకోండి, ఇక్కడ రైలు పెట్టెలో మన గొంతు ఒక్కటే వినిపిస్తుంది.

ప్రయాణాలకి టీమనీ కార్డు ఏ కన్వీనియన్స్ స్టోర్‌లోనైనా కొని, నగదుతో నింపుకోండి. బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలి, అప్పుడే అరగంటలోపు ఎక్కే మెట్రోకి తగ్గింపు వర్తిస్తుంది. దారి చూడ్డానికి నేవర్ మ్యాప్ వాడండి.

ఎక్కువ రోజులుండేవాళ్లు కాగితాల దగ్గర మాత్రం తొందరపడకుండా, శ్రద్ధగా చూసుకోవాలి. 90 రోజులకి మించి ఉండేవాళ్లు వచ్చిన 90 రోజుల్లోపే నమోదు చేయించుకుని రెసిడెన్స్ కార్డు తీసుకోవాలి. ఇమిగ్రేషన్ వాళ్ల హైకొరియా సైట్‌లో అపాయింట్‌మెంట్ దిగిన వారమే పెట్టుకోండి. కార్డు చేతికొచ్చాక అసలు చిక్కు మన పేర్లతో. ఇంటిపేరు, అసలు పేరు, తాతగారి పేరు కలిపి మూడు నాలుగు ముక్కలుంటాయి. బ్యాంకులో గడులు చాలక చివర కోసేస్తారు, ఫోన్ కనెక్షన్‌లో ముందువెనకలు చేస్తారు. ఇక్కడ టికెట్ కొనాలన్నా, తిండి ఆర్డర్ చెయ్యాలన్నా చాలా యాప్‌లు ఫోన్ నంబర్ ద్వారా పేరు సరిపోల్చి చూస్తాయి. ఒక్క ఖాళీ తేడా ఉన్నా పని ఆగిపోతుంది. సంతకం పెట్టేముందే స్క్రీన్ చూపించమని అడిగి, రెసిడెన్స్ కార్డులో ఉన్న వరుసలోనే, అవే అక్షరాల్లో పడిందో లేదో చూసుకోండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. స్టూడెంట్లకి నేషనల్ హెల్త్ ఇన్సూరెన్స్ 2021 మార్చి నుంచి తప్పనిసరి. ప్రీమియం బాకీ పడితే వీసా పొడిగింపుకి అడ్డొస్తుంది, కాబట్టి నెలనెలా కట్టెయ్యండి.

అమ్మానాన్నల్ని తీసుకొచ్చే ఆలోచన ఉంటే ఏప్రిల్‌లోనో అక్టోబర్‌లోనో పిలిపించండి. జనవరి చలి వాళ్లు తట్టుకోలేరు, జూలైలో వానలు. చుసోక్ పండగ సెప్టెంబర్, అక్టోబర్‌ల మధ్య ఎప్పుడొస్తుందో ముందు చూసుకోండి, ఆ రోజుల్లో రైలు టికెట్లు దొరకవు, చాలా హోటళ్లు మూసేస్తారు. దారి తప్పినా, ఏదైనా అడగాలన్నా పర్యాటకుల సహాయ నంబరు 1330కి ఫోన్ చేస్తే ఇంగ్లీషులో మాట్లాడతారు. పోలీసులకి 112, అంబులెన్స్‌కి 119. ఈ మూడు నంబర్లూ ఒక చీటీ మీద రాసి, కొరియన్‌లో మీ ఇంటి అడ్రస్‌తో సహా నాన్నగారి జేబులో పెట్టండి. గ్యోంగ్బోక్‌గుంగ్ రాజప్రాసాదం చూపించాలంటే మంగళవారం కాకుండా చూసుకోండి, ఆ రోజు సెలవు. హన్‌బోక్ (కొరియన్ల సంప్రదాయ దుస్తులు) అద్దెకి తీసుకుని వేసుకుంటే లోపలికి టికెట్ అక్కర్లేదు.