రోసీనీ 'బార్బర్ ఆఫ్ సెవిల్' మొదటి రాత్రి ఎందుకు దెబ్బతింది?

ఇటలీ స్వరకర్త రోసీనీ కట్టిన ఇంత పేరున్న ఒపెరా (పాటలతోనే నడిచే నాటకం) మొదటి ప్రదర్శనలోనే బోల్తాపడిందంటే సంగీతం నచ్చకనా అని అడిగారు. సంగీతం చెవిన పడకముందే జనం తీర్పు చెప్పేశారని నేనంటాను.

ఈ ఒపెరాకు మూలమైన బొమార్షే ఫ్రెంచి నాటకాన్ని పైసియెల్లో అనే పెద్ద స్వరకర్త 1782లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒపెరాగా కట్టాడు. ఇటలీ వాళ్లకు అదంటే ప్రాణం. అదే కథను 23 ఏళ్ల కుర్రాడు మళ్లీ ముట్టుకుంటే పెద్దాయన అభిమానులకు ఒళ్లు మండదా? ఆ గొడవ రాకూడదనే రోసీనీ బృందం దీనికి కథలోని కౌంట్ పేరు మీద 'అల్మవీవా' అని పేరు పెట్టింది, పాటల పుస్తకం ముందుమాటలో పైసియెల్లోకు గౌరవం ప్రకటించింది. అయినా ఊరుకోలేదు.

1816 ఫిబ్రవరి 20, రోమ్‌లో అర్జెంటీనా థియేటర్. దాన్ని నడిపే డ్యూక్ స్ఫోర్జా చెజారీని నాలుగు రోజుల ముందే కన్నుమూశాడు. కొద్ది వారాల్లో హడావిడిగా రాసిన ఒపెరా అది. ఓవర్చర్ (తెర లేచే ముందు వాయించే సంగీతం) కూడా రోసీనీ పాత ఒపెరాదే. ఆ రాత్రి సంగతులు మనకు ఎక్కువగా తెలిసింది కథానాయిక రోసీనా పాత్ర పాడిన రిగెట్టి జోర్జి 1823లో రాసిన జ్ఞాపకాల వల్ల. కౌంట్ పాత్ర పాడిన గార్సియా వేదిక మీదే గిటార్ శ్రుతి చేసుకోబోతే నవ్వులు. సంగీతం మాస్టారు బసీలియో వేషగాడు పడి ముఖానికి దెబ్బ తగిలించుకున్నాడు, ఆ గాయంతోనే పాడాడు. పిల్లి కూడా వేదికెక్కిందంటారు. ఇన్ని ఈలల మధ్యా రోసీనా పాటకు మాత్రం చప్పట్లు పడ్డాయట. మర్నాడు రోసీనీ ఇంట్లోంచి కదల్లేదు. ఆ రాత్రి అదే ఒపెరాకు హాలంతా జేజేలు పలికింది.

జర్మనీలో చదువుకునేటప్పుడు విద్యార్థి టికెట్ మీద దీన్ని చూశాను. తర్వాత పట్టుబట్టి పైసియెల్లోదీ విన్నాను. అదీ చక్కనిదే, ముఖ్యంగా కౌంట్ కిటికీ కింద పాడే పాట. రోమ్ జనం దాన్ని అంతగా ఎందుకు ప్రేమించారో అప్పుడే తెలిసింది. కానీ పుకారు ఎలా పుట్టి పెరుగుతుందో బసీలియో చెప్పే పాట రెండింట్లోనూ వరసగా వినండి. రోసీనీ దగ్గర వయొలిన్లు గుసగుసలాడినట్టు మొదలవుతాయి, ఒక్కో వాద్యం వచ్చి చేరుతుంది, చివర్లో ఫిరంగి మోతలా డ్రమ్ము పడుతుంది. నాకైతే ఒళ్లు జలదరించింది.

వినేటప్పుడు ఒకటి చూసుకోండి: రోసీనా పాత్రను రోసీనీ రాసింది కింది స్థాయి ఆడ గొంతుకే. పాత రికార్డింగుల్లో చాలామంది సొప్రానోలు (పై స్థాయి గొంతు గాయనులు) శ్రుతి పెంచి పాడారు. మెజ్జో (సొప్రానో కన్నా కింది స్థాయి గొంతు గాయని) పాడినది దొరికితే దాంతోనే మొదలుపెట్టండి.