షాపు అద్దెకు తీసుకునే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సింగ్ నగర్‌లో బేకరీకి షట్టర్ చూశావని, వచ్చే వారం అడ్వాన్స్ ఇస్తావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. డబ్బు ఇచ్చేలోపు ఈ ఉత్తరం చదువు.

నేను టిఫిన్ సెంటర్ నడిపినప్పుడు నువ్వు చిన్నవాడివి. ఒక రాత్రి మా కుర్రాడు పిండి గ్రైండర్ ఆపడం మరిచిపోయి వెళ్ళాడు. మోటారు కాలి, వైరు అంటుకుంది. పొద్దున షట్టర్ ఎత్తితే గోడంతా మసి, పైకప్పు పెచ్చులు ఊడి పెనం నిండా పడి ఉన్నాయి. "కావాలని చేశామా అండీ" అని ఓనరును బతిమాలాను. చట్టం ఆ మాట వినదురా. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ప్రకారం, తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. వాడకంలో అరిగినదీ, మనం ఆపలేని విపత్తులో పోయినదీ మినహాయింపు. మనవల్లో మన పనివాళ్ళవల్లో పాడైతే, ఓనరు నోటీసిచ్చిన 3 నెలల్లో బాగుచేయించాలి. కుర్రాడి మరుపు నా ఖాతాలోకే వచ్చింది. వైరింగ్ మొదటినుంచీ పాతదేనన్నాను, కానీ చూపించడానికి ఒక్క ఫోటో లేదు. అడ్వాన్స్ మొత్తం రిపేరుకే పోయింది.

అందుకే తాళం తీసుకున్న రోజే మీటర్ బోర్డు, గోడల బీటలు, శ్లాబు చెమ్మ అన్నీ ఫోటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పెట్టు. ఓవెన్ లోడు ఆ వైరింగ్ మోస్తుందో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించు.

అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. "ఏ నష్టం జరిగినా అద్దెదారుదే బాధ్యత" అనే వాక్యం కనిపిస్తే "అద్దెదారు నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి" అని మార్పించు. మొహమాటపడకు.

2024 సెప్టెంబరులో బుడమేరు ఆ వీధుల్ని ఎలా ముంచిందో చూశావుగా. వరదకో మంటకో షాపు శాశ్వతంగా పనికిరాకుండా పోతే, తప్పు నీది కానప్పుడు, లీజు వదులుకునే హక్కు నీకుంది. బురద కడిగి, గోడలు ఆరబెట్టుకుంటే సరిపోయే నష్టానికి అది వర్తించదు. షాపు మూసిన రోజులకు అద్దె ఉండదని ముందే రాయించుకో.

ఓనరుకు ఇన్సూరెన్స్ ఉందని ధీమా పడకు. ఆయనకు డబ్బు కట్టిన కంపెనీ, తప్పు నీదైతే నీమీద వసూలుకు రావచ్చు. నీ సామానుకూ, అద్దె షాపుకు నీవల్ల జరిగే నష్టానికీ వేరే పాలసీ తీసుకో.

డ్రాఫ్ట్ రాగానే సంతకం పెట్టకుండా నాకు పంపు. ఆదివారం వస్తాను, ఆ మీటర్ బోర్డు నా కళ్ళతో చూడాలి.

మీ మామయ్య